కదిలే ప్రతి వస్తువూ గురుత్వ తరంగాల వల్ల శక్తి కోల్పోతుందా? భూమి చివరకు సూర్యుడిలో పడిపోతుందా?

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతుంటాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలూ మా తరగతిలో దాదాపు ఏటా వస్తాయి. యూట్యూబ్ పుణ్యమా అని ఈమధ్య మరీ ఎక్కువ.

గురుత్వ తరంగాలంటే ద్రవ్యరాశుల కదలిక వల్ల స్థలకాలంలో పుట్టి కాంతివేగంతో సాగే అలలు. కానీ కదిలినంత మాత్రాన శక్తి పోదు. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వైపు తిన్నగా, ఒకే వేగంతో వెళ్లే రైలును ఊహించుకోండి. లోపల కూర్చున్నవారి లెక్కలో రైలు నిలిచే ఉంది, కదిలేవి తాటిచెట్లే. నిలిచి ఉన్నది తరంగాలను ఎలా వెదజల్లుతుంది? వేగమో దిశో మారాలి. అదీ చాలదు. నక్షత్రం గోళాకారం చెడకుండా ఉబ్బుతూ, తగ్గుతూ ఉన్నా తరంగాలు రావు.

"విద్యుదావేశాన్ని ఊపితే చాలు, తరంగాలు వస్తాయి కదా, ద్రవ్యరాశికి ఏమి అడ్డు?" అని ఒకమ్మాయి నిలదీసింది. అడ్డు ద్రవ్యవేగ నిత్యత్వం. ఒక ద్రవ్యరాశి ఇటు త్వరణం పొందితే దాన్ని లాగుతున్నది అటు పొందుతుంది. ద్విధ్రువ స్థాయిలో, అంటే ద్రవ్యరాశి మొత్తంగా ఇటూ అటూ ఊగే లెక్కలో, రెండూ సరిగ్గా చెల్లిపోతాయి. ఆ తర్వాతి మెట్టు చతుర్ధ్రువం, అంటే ఆకారం ఒకవైపు సాగి మరోవైపు నొక్కుకుపోయే మార్పు; అందులో మిగిలేదే గురుత్వ తరంగం. అందుకే అంత బలహీనం.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఇలా పోగొట్టుకునేది సుమారు 200 వాట్లు. బోర్డు మీద ఆ సంఖ్య తేలగానే పిల్లలు తలెత్తి సీలింగ్ ఫ్యాన్లను చూస్తారు. మూడు ఫ్యాన్ల కరెంటు! ఈ లెక్కన సూర్యుడిలో పడడానికి 1 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు కావాలి. సుమారు 500 కోట్ల ఏళ్లకే సూర్యుడు ఉబ్బిపోతాడు, కాబట్టి ఆ బెంగ వద్దు.

నిజంగా నష్టం కనిపించేది 1974లో ఖగోళ శాస్త్రజ్ఞులు హల్స్, టేలర్ కనుగొన్న నక్షత్రాల జంటలో. ఒకటి పల్సార్, అంటే తిరుగుతూ క్రమంగా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం (చనిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన అతిసాంద్రమైన గోళం); రెండోది మరో న్యూట్రాన్ నక్షత్రం. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి 7 గంటల 45 నిమిషాలు పడుతుంది. ఆ కాలం ఏటా సుమారు 76 మైక్రోసెకన్లు తగ్గుతోంది, ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పినట్లే. 1993లో వారికి నోబెల్ వచ్చింది.

శక్తి పోతే నెమ్మదించాలి గానీ వేగం పెరగడమేమిటని ఇక్కడ అందరూ అడ్డం తిరుగుతారు. దగ్గరవుతున్న కొద్దీ స్థితిశక్తి తగ్గుతుంది. తగ్గినదాంట్లో స్థూలంగా సగం తరంగాలకు పోతుంది, మిగతా సగం గతిశక్తి అవుతుంది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని గురుత్వ తరంగాల పరిశోధనశాల లైగో పట్టిన తరంగాలను పంపిన రెండు కృష్ణబిలాలు చివరి క్షణాల్లో కాంతివేగంలో దాదాపు సగం వేగంతో తిరిగి ఒక్కటయ్యాయి, సుమారు 3 సూర్యుల ద్రవ్యరాశి తరంగాలుగా వెళ్లిపోయింది.