రిపోర్టు డిజైన్లను టెక్స్టు ఫైళ్లుగా దాచుకోవడం: మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బేగంబజార్ దుకాణంలో బిల్లు రిపోర్టును మార్చాక, అదే మార్పును సికింద్రాబాద్, కూకట్‌పల్లి శాఖల్లో మళ్లీ చేతితో చేస్తున్నానని రాశావు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు కూడా ఇలాగే చేసి ఉంటావు. ఒకచోట గడి జరుగుతుంది, ఇంకోచోట మొత్తం వేసే సూత్రం పాతదే ఉండిపోతుంది. ఆ తిప్పలు ఇక వద్దమ్మా.

మన డేటాబేసులు నడిచే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ప్రోగ్రాంలో రిపోర్టు డిజైనును టెక్స్టు ఫైలుగా బయటికి తీసి, మరో డేటాబేసులోకి ఎక్కించవచ్చు. మెనూలో కనిపించే 'టెక్స్ట్ ఫైల్' ఎక్స్‌పోర్టును చూసి మోసపోకు. దానితో బయటికి వచ్చేది రిపోర్టులోని అంకెలే, డిజైను కాదు. కంట్రోల్, జి కలిపి నొక్కితే, ఆదేశం రాసి అప్పటికప్పుడే నడిపించే ఇమ్మీడియట్ విండో తెరుచుకుంటుంది. అక్కడ అప్లికేషన్.సేవ్‌యాజ్‌టెక్స్ట్ అని రాసి, వరుసగా మూడు సంగతులు చెప్పాలి: ఏసీరిపోర్ట్ అనే రకం, రిపోర్టు పేరు, ఫైలును ఎక్కడ పెట్టాలో. తిరిగి ఎక్కించడానికి లోడ్‌ఫ్రమ్‌టెక్స్ట్. వరుస అదే.

ఈ రెండో ఆదేశం దగ్గర మాత్రం ఆగి ఆలోచించు. అదే పేరుతో రిపోర్టు ఉంటే, మార్చమంటావా అని అడగకుండానే పాతదాన్ని తుడిచేసి కొత్తది పెట్టేస్తుంది. అందుకే ఏ శాఖలోనైనా ముందు అక్కడున్న రిపోర్టును తేదీతో సహా పేరు పెట్టి బయటికి తీసుకో. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అంటూ డేటాబేసు మొత్తాన్నీ కాపీలు చేసుకునే అలవాటు నాకు మొదటినుంచీ గిట్టదు. అందులో ఏది అసలో, ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. రెండు టెక్స్టు ఫైళ్లను పక్కపక్కన పెడితే మారిన పంక్తి ఇట్టే దొరికిపోతుంది.

ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు. రికార్డ్‌సోర్స్ అన్న పంక్తిలో రిపోర్టు ఏ క్వెరీ మీద, అంటే టేబుళ్లనుంచి సమాచారం ఏరి తెచ్చే ఏ ప్రశ్న మీద నడుస్తోందో ఉంటుంది. ప్రతి గడికీ లెఫ్ట్, టాప్, విడ్త్ అని అంకెలుంటాయి. అవి ట్విప్‌లు అనే చిన్న కొలతలు, అంగుళానికి 1440. లెఫ్ట్ 2880 అంటే ఎడమ నుంచి రెండంగుళాలు. దుకాణం ఫోను నంబరు నాలుగు రిపోర్టుల్లో మారాలంటే డిజైన్ వ్యూ జోలికి పోకుండా ఇక్కడే మార్చి ఎక్కించవచ్చు.

మధ్యలో సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే అర్థంకాని అంకెల గుంపులు కనిపిస్తాయి. పీఆర్‌టీడెవ్‌మోడ్, పీఆర్‌టీడెవ్‌నేమ్స్ పేర్లతో ఉన్నవి, వాటికే చివర డబ్ల్యూ చేరినవి నీ ప్రింటరు వివరాలు. నీ దగ్గర లేజరు, కూకట్‌పల్లిలో డాట్ మాట్రిక్స్ ఉంటే బిల్లు వంకరగా రావడానికి మూలం చాలాసార్లు ఇదే. ఆ నాలుగు గుంపులనూ బిగిన్ నుంచి ఎండ్ వరకు తీసెయ్యి. పీఆర్‌టీమిప్‌ను మాత్రం ముట్టుకోకు, మార్జిన్లు దానిలో ఉంటాయి. ఎక్కించాక అక్కడి పేజ్ సెటప్‌లో కాగితం సైజు సరిచూడు.

ఫైలు యూటీఎఫ్-16 అనే అక్షరాల ఎన్‌కోడింగులో ఉంటుంది కాబట్టి లేబుళ్లలోని తెలుగు చెక్కుచెదరదు. సేవ్ చేసేటప్పుడు ఆ ఎన్‌కోడింగును మార్చకు. యాక్సెస్‌లో ప్రోగ్రాములు రాసే వీబీఏ కోడులో నేరుగా తెలుగు రాస్తే మాత్రం ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఆ మాటలను టేబుల్లో పెట్టి అక్కడినుంచి చదివించు.

రిపోర్టు లోపల ఇంకో రిపోర్టు, అంటే సబ్‌రిపోర్టు ఉంటే ఈ ఫైలులోకి వచ్చేది దాని పేరు మాత్రమే. దాన్నీ, వెనకున్న క్వెరీలనూ విడిగా తీయాలి. క్వెరీకి ఏసీక్వెరీ అని చెబితే చాలు. ఎక్కించేటప్పుడు లోటు బయటపడదు, రిపోర్టు తెరిచినప్పుడే గోల మొదలవుతుంది. శాఖలకు డిజైను మార్చడానికి వీల్లేకుండా బిగించిన ఏసీసీడీఈ ఫైలు ఇచ్చి ఉంటే అందులోకి డిజైను ఎక్కదు. మామూలు డేటాబేసు ఫైలైన అసలు ఏసీసీడీబీలో మార్చి, కొత్త ఏసీసీడీఈ చేసి పంపాల్సిందే.

ముందు సికింద్రాబాద్ డేటాబేసుకు ఒక కాపీ తీసి, దాని మీద చేసి చూడు. ఎక్కించడంలో తేడా వస్తే డేటాబేసు ఉన్న ఫోల్డరులోనే ఎర్రర్స్ అనే చిన్న ఫైలు పడుతుంది. ఏ పంక్తి నచ్చలేదో అందులో ఉంటుంది. చూసినా అర్థం కాకపోతే అదీ, రిపోర్టు టెక్స్టు ఫైలూ రెండూ నాకు మెయిల్ చెయ్యి.

ఇట్లు,
మామయ్య