వరద తీసింది, మెయిల్ మాత్రం రావట్లేదు

ప్రశ్న: మాది కోనసీమలో కొబ్బరి పీచు ఎగుమతి చేసే చిన్న సంస్థ, 22 మందిమి పనిచేస్తాం. ఆఫీసులోనే లినక్స్ మీద సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాం. ఈసారి వరదకి కింది అంతస్తులో నడుం లోతు నీళ్ళు నిలిచి సర్వర్ మునిగిపోయింది. రోజూ బ్యాకప్ తీసే డిస్కు బీరువా కింది అరలో ఉండేది, అదీ మునిగింది. మేడ మీద ఇంకో డిస్కు ఉంది కానీ అందులో ఉన్నది 12 రోజుల కిందటి బ్యాకప్. మధ్యలో వచ్చిన ఆర్డర్లు, షిప్పింగ్ కాగితాలు పోయినట్టేనా? ఇప్పుడు కస్టమర్లు పంపుతున్నవి ఎక్కడికి వెళ్తున్నాయి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదండి. (పేరు వేయొద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరం చూడగానే ఫోన్ చేసి చెప్పిన మాటే ఇక్కడా ముందు రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. ఆఫీసులో ఎవరూ నెట్ కలిపి ఔట్‌లుక్ తెరవొద్దు, ఫోన్లలో ఆఫీసు మెయిల్ సింక్ ఆపేయండి. మీరు పోయాయనుకుంటున్న ఆ 12 రోజుల మెయిల్స్ చాలావరకు ఆ ల్యాప్‌టాపుల్లోనే ఉండి ఉంటాయి.

ఐమ్యాప్ అనే, మెయిల్స్‌ని సర్వర్లోనే ఉంచి చూసే పద్ధతిలో ల్యాప్‌టాప్‌లో కనిపించేది సర్వర్లో ఉన్నదాని నకలు. సర్వర్ దొరకనంత సేపూ ఆ నకలు అలాగే ఉంటుంది. కంగారులో ఎవరో అదే పేరుతో ఖాళీ సర్వర్ నిలబెడితే మాత్రం ఔట్‌లుక్ వెళ్ళి చూసి, అక్కడ ఏమీ లేవు గదా అని తన దగ్గరున్నవి కూడా తుడిచేస్తుంది. ఇలా జరగడం నేను కళ్ళారా చూశాను. ఒక ఆఫీసులో గుమస్తా కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగానే ఇన్‌బాక్స్‌లో వేల మెయిల్స్ వరసగా మాయమైపోయాయి, ఆయన నోట మాట రాలేదు. అందుకని ఒక్కో ల్యాప్‌టాప్‌కి వైఫై తీసేసి, ఔట్‌లుక్‌ని ఆఫ్‌లైన్‌లో తెరిచి, అన్నిటినీ పీఎస్‌టీ ఫైలుగా (ఔట్‌లుక్ మెయిల్స్‌ని కట్టగట్టి దాచే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డిస్కులో పెట్టుకోండి. ఔట్‌లుక్ బదులు థండర్‌బర్డ్ వాడేవాళ్ళయితే, మెయిల్స్ ఉండే దాని ప్రొఫైల్ ఫోల్డరు మొత్తం కాపీ చేస్తే చాలు. ఈ పని 22 మందికీ పూర్తయ్యాకే సర్వర్ సంగతి.

ఇక ఇప్పుడు వస్తున్నవాటి గురించి. మీ సర్వర్ పలకకపోతే పంపినవాళ్ళ సర్వర్ ఆ మెయిల్‌ని పారేయదు, తన క్యూలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఇంటర్నెట్ మెయిల్ ప్రమాణం ప్రకారం కనీసం 4, 5 రోజులు ఓపిక పట్టాలి, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ అయితే మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తుంది. అంతకన్నా ముందే వదిలేసేవీ ఉన్నాయి కాబట్టి ఆ గడువు మీద భరోసా పెట్టుకోకుండా రెండో రోజుకల్లా నెలవారీ అద్దెకి ఏదో ఒక క్లౌడ్ సర్వర్ తీసుకుని డొమైన్ ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే చిరునామా) అటు తిప్పేయండి. పాత మెయిల్స్ తర్వాత తెచ్చుకోవచ్చు, కొత్తవి వచ్చి పడే చోటు ముందు కావాలి.

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. పూర్తిగా పడుకున్న సర్వర్ కన్నా సగం లేచిన సర్వర్ ఎక్కువ నష్టం చేస్తుంది. మీ 22 మంది అకౌంట్లూ ఎక్కించకుండానే సర్వర్ తలుపు తీశారనుకోండి, వచ్చిన మెయిల్‌కి 'ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు' అని 550 నంబరు జవాబు వెళ్తుంది. అది చూశాక అవతలి సర్వర్ మళ్ళీ ప్రయత్నించదు, కస్టమర్‌కి తిప్పి పంపేస్తుంది, ఆయన మీరు దుకాణం కట్టేశారనుకుంటాడు. పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగు ఉంది, దాన్ని ఆన్ చేస్తే ఆ కచ్చితమైన 'లేరు' కాస్తా 'తర్వాత రండి'గా మారుతుంది. అన్నీ కుదురుకునే దాకా అది ఆన్‌లోనే ఉంచండి.

ఎంఎక్స్ మార్చాలంటే డొమైన్ కొన్నచోట లాగిన్ అవ్వాలి కదా, పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ ఏ మెయిల్‌కి వస్తుందో చూశారా? చాలామంది ఆ మునిగిన సర్వర్‌లోని అడ్రసే ఇచ్చి ఉంటారు! అలా ఇచ్చి ఉంటే కంపెనీ కాగితాలతో వాళ్ళని ఒప్పించాలి, ఆలస్యమవుతుంది కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి.

మేడ మీది డిస్కు గురించి. మీ మెయిల్ స్టోర్ మెయిల్‌డైర్ పద్ధతిలో ఉంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. ఆ ఫైలు పేరు చివర కోలన్, 2, కామా, తర్వాత ఎస్ లాంటి అక్షరం ఉంటుంది, ఎస్ అంటే చదివేశారని, ఆర్ అంటే జవాబిచ్చారని. విండోస్ కోసం ఫార్మాట్ చేసిన యూఎస్‌బీ డిస్కులో పేరులో కోలన్ పెట్టనివ్వరు, అందుకని మీవాళ్ళు ఫైళ్ళని విడివిడిగా కాపీ చేసి ఉంటే కొన్ని అసలు ఎక్కి ఉండవు. అన్నిటినీ కలిపి ఒకే టార్ ఫైలుగా కట్టి పెట్టి ఉంటే ఇబ్బంది లేదు. ముందు ఒక్కరి ఇన్‌బాక్స్ విప్పి లెక్క చూసుకోండి. తర్వాత ఫైళ్ళ యాజమాన్యం డవ్‌కాట్ (ల్యాప్‌టాపులకి మెయిల్స్ అందించే సర్వర్ ప్రోగ్రామ్) ఏ యూజర్ పేరు మీద నడుస్తుందో ఆ పేరుకి మార్చాలి, ఒక్కో మెయిల్‌కి ఇచ్చిన నంబర్లుండే యూఐడీ లిస్టు ఫైలు కూడా వెనక్కి పెట్టాలి, లేకపోతే 22 ల్యాప్‌టాపులూ మొత్తం మెయిల్స్‌ని మొదటినుంచి దించుకోవడం మొదలుపెడతాయి. వరద తర్వాత మన ఊళ్ళలో నెట్ ఎలా ఉంటుందో తెలిసిందే.

ఆ డిస్కులో ఉన్నది సర్వర్ మొత్తం ఇమేజ్ (సర్వర్ డిస్కు పూర్తి నకలు) అయితే ఇంకో జాగ్రత్త. 12 రోజుల కిందట క్యూలో ఆగిపోయిన మెయిల్స్ కూడా దాంతోపాటు లేస్తాయి, స్టార్ట్ చేయగానే బయటికి పోతాయి. పాత రేటుతో కొటేషన్ ఒకటి మళ్ళీ వెళ్ళిందంటే ఎంత రగడో మీకు చెప్పక్కర్లేదు. నెట్ కలపకుండా బూట్ చేసి, క్యూ అంతా హోల్డ్‌లో పెట్టి, ఒక్కోటి చూసి వదలండి. కొత్త సర్వర్ ఐపీ నంబరుకి తగ్గట్టు ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ పేరున మెయిల్ ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ ఎవరి పేరో చెప్పేది) మార్చండి, డీకిమ్ (మెయిల్ మీదేనని తేల్చే డిజిటల్ సంతకం) తాళంచెవి బ్యాకప్‌లో ఉంటే అదే పెట్టండి. ఇవి సరిగ్గా లేకపోతే మీరు పంపేవి స్పామ్‌లో పడతాయి. అన్నీ సర్దుకున్నాక ల్యాప్‌టాపుల్లోంచి తీసి పెట్టుకున్న ఆ 12 రోజుల మెయిల్స్‌ని సర్వర్ ఫోల్డర్లలోకి లాగేయండి.

మునిగిన డిస్కుల్ని బియ్యంలో పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు, ముఖ్యంగా కరెంటు ఇవ్వొద్దు. హార్డ్ డిస్కులో చదివే హెడ్డు పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది, గోదావరి ఎర్రనీటిలోని సన్న ఒండ్రు రేణువు ఒక్కటి చాలు దాన్ని గీకేయడానికి. తడి తడిగానే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి డేటా రికవరీ ల్యాబ్‌కి పంపండి.

ప్రశ్న: నర్సాపురంలో మాకు లేసు అల్లికల వ్యాపారం ఉంది. మెయిల్ అంతా గూగుల్ క్లౌడ్‌లోనే. వరద వచ్చినా మాకు బ్యాకప్ అక్కర్లేదు కదండీ?

జవాబు: వరద అక్కడికి రాదమ్మా, నిజమే. మనిషి చెయ్యి మాత్రం వెళ్తుంది. ఎవరైనా డిలీట్ చేస్తే 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, కంపెనీ అకౌంటైతే ఆ తర్వాత ఇంకో 25 రోజుల్లోపు అడ్మిన్ తేగలరు, ఆపైన మామూలుగా దారి లేదు. లేసు ఆర్డర్ల గొడవ ఆరు నెలల తర్వాత కూడా వస్తుంది, ఆ పాత మెయిలే మీకు సాక్ష్యం. నెలకోసారి గూగుల్ టేకవుట్‌తో (మన డేటా కాపీ దించుకునే గూగుల్ సదుపాయం) దించుకుని డిస్కులో పెట్టుకోండి.

ప్రశ్న: గోదావరి లంకలో మా సొసైటీ ఆఫీసు ఏటా మునుగుతుంది. సర్వర్ వేరేచోటికి మార్చే స్తోమత లేదు. ఏం చేయమంటారు?

జవాబు: గోదావరి చెప్పి వస్తుంది, అది మనకున్న సౌకర్యం. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం దాటి మీ దాకా రావడానికి మధ్యలో టైమ్ ఉంటుంది. భద్రాచలంలో రెండో హెచ్చరిక ఇచ్చారని వినగానే ఆఖరి బ్యాకప్ తీసి, సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, డిస్కుని గట్టు మీద ఊళ్ళో ఎవరింటికైనా పంపేయండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986లో 35 లక్షలు దాటింది. అలాంటప్పుడు మేడ మీద పెట్టాం అనుకుంటే లాభం లేదు, కరెంటు వారాలపాటు ఉండదు, పడవ మీద వెళ్ళి తెచ్చుకోవాలి. ఎవరు తీసుకెళ్ళాలో పేరు, ఫోన్ నంబరు, బ్యాకప్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఒక కాపీ ఆఫీసు గోడకి అంటించకుండా ఆ మనిషి ఇంట్లోనే పెట్టించండి.