‘ఫ్యూనరల్’ విషాదపు ఆల్బమ్ అయితే అందులో అంత హోరు ఎందుకు?

మీరు అడిగినవి రెండు. ఆప్తుల మరణాల నడుమ తయారైందని చెప్పుకునే, ఆర్కేడ్ ఫైర్ అనే రాక్ బృందం తొలి ఆల్బమ్ ‘ఫ్యూనరల్’ (అంటే అంత్యక్రియలు)లో అందరూ గొంతు చించుకుని పాడుతుంటే, డ్రమ్ములు దద్దరిల్లుతుంటే అది విషాదం ఎలా అవుతుందన్నది మొదటిది. సినిమా పాటలతో పెరిగిన తెలుగువాళ్లు దాన్ని ఎక్కడ మొదలుపెట్టి వినాలన్నది రెండోది. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో మారతహళ్ళి అద్దె గదిలో కన్నడిగుడైన మిత్రుడు రోజూ పెడుతుంటే ఈ పాటలు చెవిన పడ్డాయి. మా అవ్వ పోయిన తర్వాత అవే పాటలు వేరుగా వినిపించాయి. ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

ముందు నేపథ్యం చెబుతాను. ఈ బృందం కెనడాలోని మాంట్రియల్‌ది. దీనికి మూలస్తంభాలు టెక్సస్‌లో పెరిగి అక్కడికి వెళ్లిన విన్ బట్లర్, హైతీ నుంచి వలస వెళ్లిన కుటుంబంలో పుట్టిన రెజీన్ షసాన్య్. అప్పట్లో వాళ్లు దంపతులు. 2003లో రెజీన్ అమ్మమ్మో నానమ్మో కాలం చేసింది. 2004 ఫిబ్రవరిలో విన్, అతని తమ్ముడు విల్ తమ తాతను పోగొట్టుకున్నారు. ఆ తాత మామూలు మనిషి కాదు, ఎలక్ట్రిక్ గిటారు తొలినాళ్ల వాద్యకారుల్లో పేరున్న ఆల్వినో రే. ఆ వెంటనే బృందంలోని రిచర్డ్ రీడ్ ప్యారీ పిన్నిగారి వరసావిడ కూడా పోయింది. ఇలా వరసగా వచ్చిన చావుల వల్లే 2004 సెప్టెంబరులో మెర్జ్ రికార్డ్స్ విడుదల చేసిన ఆల్బమ్‌కు ఆ పేరు పెట్టారు. మొత్తం పది పాటలు, సుమారు 48 నిమిషాలు. ఇందులో చనిపోయినవారి గురించి నేరుగా సాగే పాటలు చాలా తక్కువ. ఎక్కువ భాగం బతికి ఉన్న పిల్లలు, వాళ్ల వీధి, కరెంటు లేని రాత్రి, ఇల్లు వదిలి వెళ్లిపోయిన అన్న, ఇంకో గదిలో ఏడుస్తున్న తల్లిదండ్రులు.

ఇక హోరు సంగతి. ఏడుపు అంటే మౌనంగా, ఒంటరిగా, తలుపు వేసుకుని చేసేదన్నది పట్నంలో మనకు అలవాటైన ఊహ. అనంతపురం వైపు మా ఊళ్లో అవ్వ పోయినప్పుడు ఇంటి ముందు చితుకుల మంట వేసి, తప్పెటల చర్మాన్ని దాని మీద కాచి, వేలితో తట్టి చూసి, మోత సరిపోయిందనుకున్నాకే వాయించడం మొదలుపెట్టారు. పాడె లేచిన దగ్గర్నుంచి వల్లకాడు చేరేదాకా ఆ మోత ఆగలేదు. దారంతా బొరుగులు, చిల్లర చల్లారు. పెద్దవయసులో పోయిన మనిషి కాబట్టి కుర్రవాళ్లు చిందులు కూడా వేశారు. అంతకుముందు ఇంట్లో ఆడవాళ్లు చుట్టూ కూర్చుని శోకాలు తీశారు. ఒకామె అవ్వ చేసిన కష్టాన్ని ఒక్కొక్కటిగా ఎత్తుకుంటే, మిగతావాళ్లు చివరి మాట దగ్గర గొంతు కలిపేవారు. ఎత్తుకున్నామెకు ఊపిరి అందనప్పుడు పక్కనున్నామె అందుకునేది. ‘ఫ్యూనరల్’లో బృందగానం సరిగ్గా ఈ పనే చేస్తుంది. విన్ బట్లర్ గొంతు చీలిపోయి, శ్రుతి జారిపోతున్న చోట మిగతావాళ్లు వచ్చి అందుకుంటారు. అతను మంచి గాయకుడా అని అడిగితే, ఘంటసాల, బాలు గొంతులకు అలవాటుపడిన మనం కాదనే అంటాం. కానీ శోకం తీసేవాళ్ల గొంతు బాగుందా లేదా అని మా ఊళ్లో ఎవరూ అడగరు.

‘వేక్ అప్’లో ఇది బాగా తెలుస్తుంది. గిటారు, డ్రమ్ముల వెంటనే అందరూ కలిసి ఎత్తుకునే ఆలాపనలో మాటలే ఉండవు. మాటలు లేవు కనుక భాష తెలియనివాడు కూడా అందులో చేరిపోగలడు. 2005 పర్యటనలో యూటూ బృందం వేదిక మీదికి వచ్చేముందు ఈ పాటనే వేయించుకునేది. అదే ఏడాది న్యూయార్క్‌లో ప్రసిద్ధ బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ వీళ్లతో కలిసి దీన్ని పాడాడు. ఇంత ప్రసిద్ధి వచ్చినందువల్ల చాలామంది దీన్నే ముందు వింటారు, విని మిగతాదంతా ఇలాంటి ఊపే అనుకుంటారు. పాట చివర నడక ఒక్కసారిగా మారి తేలికైన చిందుగా అయిపోవడం మాత్రం గమనించండి. ‘క్రౌన్ ఆఫ్ లవ్’ కూడా నెమ్మదిగా, వయొలిన్లతో, బతిమాలుకుంటూ నడిచి చివర్లో డాన్సు దరువులోకి దూకుతుంది. మొదటిసారి ఇది అతకలేదనిపించింది. అవ్వ ఊరేగింపులో ఏడుస్తున్న మా చిన్నాన్నే తప్పెటల ముందు రెండు అడుగులు వేయడం చూశాక మళ్లీ అలా అనిపించలేదు.

నన్ను అన్నిటికంటే లోతుగా తాకింది ఆఖరి పాట ‘ఇన్ ద బ్యాక్‌సీట్’. పాడింది రెజీన్. కారులో వెనక సీటంటే ఆమెకు ఇష్టం: బండి నడపనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు, బయట సాగిపోయే పల్లెలను చూస్తూ నిద్రపోవచ్చు. కానీ ఇంట్లో పెద్దలు ఒక్కొక్కరే రాలిపోతుంటే ఆ సీటు ఎక్కువకాలం దక్కదు, స్టీరింగు తన చేతికే వస్తుంది. అవ్వ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు మా నాన్న బెంగళూరులో నా దగ్గరే ఉన్నారు. మా ఇంట్లో కారు ఎప్పుడూ ఆయనే నడిపేవారు. ఆ రాత్రి తాళాలు నా చేతిలో పెట్టి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. హెబ్బాళ దాటి, దేవనహళ్ళి దాటి, బాగేపల్లి టోల్‌గేటు దాకా వచ్చినా, నేను గేరు మార్చడం దగ్గర్నుంచి ఎదుటి బండికి డిమ్ము కొట్టడం వరకు ప్రతిదానికీ వంకపెట్టే మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. పాటలో పాపకు తప్పిపోయిన వెనక సీటు తల్లి పోయిన కొడుక్కి ఆ ఒక్క రాత్రి దక్కింది. చివర్లో రెజీన్ గొంతు మాటలు వదిలేసి వయొలిన్ల మధ్య కేకగా మారే చోటు విన్నప్పుడల్లా నాకు అద్దంలో ఆయన ముఖమే కనిపిస్తుంది. అది పాట గొప్పతనమా, నా సొంత గొడవా అంటే రెండూ అనే చెబుతాను.

ఎక్కడ మొదలుపెట్టాలన్న దానికి నా సలహా: విడివిడిగా పాటలు ఏరుకోకుండా వరసలో వినండి, పాటల సాహిత్యం కళ్లముందు పెట్టుకోండి. మంచు కప్పేసిన ఊళ్లో తన కిటికీ నుంచి ప్రియురాలి కిటికీ దాకా సొరంగం తవ్వే కుర్రవాడితో మొదటి పాట మొదలవుతుంది. ‘నైబర్‌హుడ్’ (ఇరుగుపొరుగు) అన్న పేరుతోనే ఇందులో నాలుగు పాటలున్నాయి; వాటిలో మూడోదాని వెనుక 1998 జనవరిలో మాంట్రియల్‌ను చీకట్లో ముంచిన మంచు తుపాను ఉంది. తీగలు, స్తంభాలు మంచు బరువుకు కూలి కొన్ని చోట్ల వారాల తరబడి కరెంటు రాలేదు. ‘హైతీ’లో రెజీన్ ఫ్రెంచ్, ఇంగ్లీషు కలిపి, ద్యువాలియే నియంతృత్వాన్ని తప్పించుకుని వచ్చిన తన కన్నవాళ్ల దేశాన్ని తలుచుకుంటుంది. తేలికగా సాగే బాణీ చూసి హాయి పాట అనుకోకండి, అందులో ఉన్నది హత్యల సంగతి. నాలుగో ‘నైబర్‌హుడ్’ పాట నా దృష్టిలో బలహీనమైనది, మొదటిసారి దాటేసినా నష్టం లేదు. పనిచేసుకుంటూ నేపథ్యంలో పెట్టుకునే ఆల్బమ్ మాత్రం కాదిది. బయటి రింగురోడ్డు ట్రాఫిక్‌లో ప్రయత్నించి చూశాను, హారన్లకూ వీళ్లకూ తేడా తెలియలేదు.

ఇంత విన్నాక కూడా ఈ హోరు మీకు పడకపోతే బృందాన్నే వదిలేయకండి. వీళ్ల మూడో ఆల్బమ్ ‘ద సబర్బ్స్’ 2010లో వచ్చింది, మరుసటి ఏడాది గ్రామీలో ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ అందుకుంది. అందులోనూ పెరిగిన వీధులే, పోయిన కాలమే కథ, కాని గొంతు చాలా తగ్గించి చెబుతారు. కొందరు ముందు దాన్ని విని, తర్వాత ‘ఫ్యూనరల్’ దగ్గరికి వస్తారు. మీరూ అలా చేయవచ్చు.