వింగ్ ఆట మానేయాలా?

ప్రశ్న: మాస్టారూ, మా ఫుట్‌బాల్ టీమ్‌లో వింగర్లిద్దరూ (రెండు అంచుల్లో ఆడేవాళ్లు) బాగా పరిగెడతారని ఆటంతా వాళ్ల మీదే నడుపుతున్నాం. మ్యాచ్‌కి ఇరవై క్రాస్‌లు (అంచునుంచి గోల్ ముందుకి కొట్టే బంతులు) వేసినా గోల్ రావడం లేదు. పైగా బంతి పోయిన ప్రతిసారీ మాకే గోల్ పడుతోంది. ఈ పద్ధతి మార్చుకోవాలా?
– ఓ పాఠకుడు, గుణుపూర్

జవాబు: మార్చొద్దు బాబూ. పర్లాకిమిడిలో చాలా ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని ఆడించాను. మన గ్రౌండ్లకి వింగ్ ఆటే నప్పుతుంది. వానలు పడితే గోల్ ముందూ, నడిమధ్యలోనూ చీలమండ లోతు బురద. గడ్డి మిగిలేది సున్నం గీత పక్కనే. బంతి కాస్త దొర్లేదీ అక్కడే.

మీ చిక్కల్లా క్రాస్‌తోనే. గీత పక్కనున్నవాడికి ఒకవైపు దారి ఉండదు. ఇద్దరు మీదికొచ్చేసరికి టెన్షన్‌లో బంతిని గాల్లోకి లేపేస్తాడు. ఎదురుగా వచ్చే ఆ బంతిని తలతో కొట్టి పంపడం గోల్ ముందు నడుమ కాచే స్టాపర్‌కి చాలా తేలిక. 2014 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ సొంత గ్రౌండ్‌లో ఫుల్హామ్ మీద 81 క్రాస్‌లు వేసింది. మ్యాచ్ 2-2తో డ్రా అయింది.

1958 ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్ వింగర్ గరించా చేసింది వేరు. కుడి అంచునుంచి, తనని కాచే బ్యాక్‌ని (అంచు డిఫెండర్‌ని) దాటి గోల్ లైన్ దాకా పోయి, బంతిని గోల్ ముందుకి కిందుగా కొట్టాడు. అతని జట్టువాడు వావా అలా రెండు గోల్స్ చేశాడు, బ్రెజిల్ 5-2తో గెలిచింది. గోల్ లైన్ దగ్గర్నుంచి వెనక్కి ఇచ్చిన బంతికి, అందుకునేవాడు ముందే పోయి నిలబడ్డాడనే ఆఫ్‌సైడ్ గొడవ లేదు. డిఫెండర్లు తమ గోల్ వైపు పరిగెడుతుంటారు కాబట్టి వెనకనుంచి ఎవరొస్తున్నారో వాళ్లకి కనపడదు. రోజూ సాయంత్రం పెనాల్టీ స్పాట్ దగ్గర రెండు చెప్పులు అడుగు ఎడంగా పెట్టి, గోల్ లైన్ నుంచి వాటి మధ్యలోకి పాస్ ఇప్పించండి. పరుగు ఆపకుండా ఇవ్వాలి, అదే కష్టం.

ఇక మీకు పడుతున్న గోల్స్. వింగర్‌కి తోడుగా బ్యాక్‌లిద్దరూ పైకి పోతున్నారు కదూ? ఓ ఫైనల్లో నేనూ అలాగే పంపాను. 1-0తో ముందున్నాం, ఇంకో గోల్ కావాలన్న ఆశ. మా కార్నర్‌ని వాళ్ల కీపర్ పట్టుకుని ఒక్క కిక్ కొట్టాడు. మా ఎడమ వైపు ఖాళీ. తర్వాత ఇంకోటి, అదే వైపు. మా ఎడమ బ్యాక్ కుర్రాడు ఏడుస్తుంటే తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను.

ఎడమ బ్యాక్ వెళ్తే కుడి బ్యాక్ సెంటర్ లైన్ దాటకూడదు. బంతి పోయిన వెంటనే దగ్గరున్న హాఫ్ (నడుమ ఆడేవాడు) ఆ ఖాళీలోకి రావాలి. గాల్లో క్రాస్‌లంటారా, తలతో ఆడే పొడుగాటి సెంటర్ ఫార్వర్డ్ మీకు దొరికాక వేద్దురుగాని.