‘మా వైఫ్’, ‘మా కజిన్’: అరువు మాట వెనుక ఏముంది?

సందేహం: మా కార్యాలయంలో తెలుగు చక్కగా వచ్చినవారు కూడా ‘మా వైఫ్ ఊరికి వెళ్ళింది’, ‘ఫాదర్ ఎక్స్‌పైర్ అయ్యారు’, ‘మా కజిన్ వచ్చాడు’ అంటారు. వాళ్ళే ఇంట్లో ‘మా ఆవిడ’, ‘నాన్న’, ‘బావ’ అంటారు. ఇది తెలుగు మరచిపోవడమా, గొప్పకు పోవడమా? పైగా ‘నా వైఫ్’ అనాలి కదా, ‘మా వైఫ్’ తప్పు కాదా? సెలవు చీటీ తెలుగులో రాసేటప్పుడు ‘ఎక్స్‌పైర్’కు బదులు ఏమి రాయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: ‘మా వైఫ్’ తప్పు కాదు. ఒక్కగానొక్క కొడుకు కూడా తెలుగులో ‘మా అమ్మ’ అనే అంటాడు. మా ఇల్లు, మా ఊరు, మా ఆయన, మా ఆవిడ – ఇంటికి చెందినవాటిని అందరివిగా చెప్పుకోవడం మన భాష పద్ధతి. ‘ఆవిడ’ స్థానంలోకి వచ్చిన ‘వైఫ్’ ఆ ‘మా’ను అలాగే ఉంచుకుంది. ఇంగ్లీషువాళ్ళు అలా అనరన్న వాదన ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ వాక్యం తెలుగు వాక్యం. ‘మా మిసెస్’ కూడా అంతే. ఇంగ్లీషులో పేరుకు ముందు నిలిచే ఆ మాట మన దగ్గర ఒంటరిగా నామవాచకమైపోయింది.

ఇక మీ అసలు ప్రశ్న. మరచిపోవడం కాదని మీ ఉత్తరమే చెబుతోంది, ఇంట్లో ఆ మాటలు బతికే ఉన్నాయి కాబట్టి. గొప్పకు పోవడం కొంత ఉంది, కాదనను. కానీ నాకు కనిపించే ముఖ్య కారణం వేరు. తెలుగులో కొన్ని మాటలు నోరు తెరవగానే మన వయసు, కులం, చదువు, ఎదుటివారితో మన దూరం అన్నీ బయటపెడతాయి. సరిగ్గా ఆ చోట్లలోనే ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంటోంది.

భార్యకు ఎన్ని మాటలున్నాయో చూడండి: పెళ్ళాం, భార్య, ఇల్లాలు, ఆవిడ, శ్రీమతి. ‘పెళ్ళాం’ పెళ్ళికి సంబంధించిన మాటే, అందులో పుట్టుకతో వచ్చిన కించ ఏదీ లేదు. చదువుకున్నవారు దాన్ని మోటు మాటగా చూడడంతో అది పదిమందిలో అనకూడనిది అయింది. ‘ఆలు’ అన్న పాత మాట ‘ఆలుమగలు’లోను, ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెతలోను, ఇటువంటి మరికొన్ని మాటల్లోను మిగిలింది. ‘భార్య’ అంటే పుస్తకం వాసన, ‘మా ఆవిడ’ అంటే మరీ చనువు. పై అధికారి ముందు నిలబడినవాడు వీటిలో ఒకటి ఎంచుకోవడానికి తడబడి, ఏ వాసనా అంటని ‘వైఫ్’ అంటాడు. చావు దగ్గర ఇదే పని పూర్వం సంస్కృతం చేసింది. పరమపదించారు, శివైక్యం చెందారు – పోయినవారి మతసంప్రదాయం కూడా ఆ మాటల్లోనే తెలిసిపోయేది. కచేరీల్లో, అంటే పాతకాలపు ప్రభుత్వ కార్యాలయాల్లో, ఆ పెద్దరికం ఫారసీ, ఉర్దూ మాటలది. వకీలు, జామీను, దస్తావేజు అలా వచ్చినవే.

‘కజిన్’ సంగతి ఇంకా లోతైనది. పెదనాన్న కూతురు, బాబాయి కూతురు, పెద్దమ్మ కూతురు, పిన్ని కూతురు మనకు అక్కచెల్లెళ్ళు. మేనమామ కూతురు, మేనత్త కూతురు మరదలో వదినో అవుతారు. మొదటి వరస వారిని పెళ్ళాడడం ఊహకే రాదు. రెండో వరసలో పెళ్ళిళ్ళు తరతరాలుగా జరుగుతూ వచ్చాయి. అంటే ‘బావ’ అన్న ఒక్క మాటలో బంధుత్వమూ, పెళ్ళికి వీలుందన్న సూచనా, సరసానికి చనువూ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఒక ఆడపిల్లల హాస్టలు గేటు దగ్గర ఉండే రిజిస్టరును తలచుకోండి. వచ్చినవారి పేరు, పక్కన బంధుత్వం రాయాలి. మేనమామ కొడుకు పచ్చళ్ళ సీసాలు పట్టుకుని వచ్చాడు. ఆ గడిలో ‘బావ’ అని రాస్తే సాయంత్రానికి గదిలో పాటలు మొదలవుతాయి. ఆ అమ్మాయి ‘కజిన్’ అని రాసి ఊపిరి పీల్చుకుంటుంది. ఆమెకు తెలుగు రాదని ఎవరనగలరు? తెలుగు మాట ఏమేమి చెబుతుందో బాగా తెలుసు కనుకనే దాన్ని పక్కన పెట్టింది. మేనరికం వద్దనుకునే తరానికి ఆ వరసను మాటలోంచే తీసేయాలన్న కోరిక కలగడం సహజం. నేను దాన్ని తప్పుపట్టను.

అయితే పోగొట్టుకున్నదాన్ని మనవాళ్ళు మళ్ళీ దొడ్డిదారిన తెచ్చుకుంటారు. ‘బ్రదర్’ అంటే అన్నో తమ్ముడో తెలియక తెలుగు మనసు ఊరుకోదు, ‘ఎల్డర్ బ్రదర్’ అంటుంది. తోడల్లుడికి ఇంగ్లీషులో మాట లేకపోతే ‘కో బ్రదర్’ను, తోడికోడలికి ‘కో సిస్టర్’ను దక్షిణాదివాళ్ళం పుట్టించుకున్నాం.

క్రియ దగ్గర మాత్రం ఏ అరువు మాటా మనను దాచలేదు. ‘డాక్టర్ చెప్పారు’ అంటాం, ‘డ్రైవర్ చెప్పాడు’ అంటాం. ‘మేనేజర్ వచ్చారు’, ‘వాచ్‌మన్ వచ్చాడు’. నాలుగూ ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలే, గౌరవం మాత్రం ఇద్దరికే. వాచ్‌మన్ మనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైనా క్రియ మారదు. సమాజంలో మన చూపు ఎక్కడుందో తెలుసుకోవాలంటే నామవాచకాలను లెక్కపెట్టడం కాదు, ఈ ‘డు’ను, ఈ ‘రు’ను గమనించాలి. భాషాభిమానం పేరుతో ఇంగ్లీషు మాటలను ఏరేవారు ఈ పని చేయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వృత్తుల పేర్ల విషయంలో నేను ఇంగ్లీషు మాట వైపే నిలబడతాను. మన పాత వృత్తి పేర్లు చాలావరకు కులం పేర్లు కూడా. వాటిలో కొన్ని తిట్లుగా వాడబడ్డాయి. ఆ పని చేసే మనిషి తన దుకాణానికి ‘సెలూన్’ అని, ‘లాండ్రీ’ అని బోర్డు పెట్టుకుంటే అది అనుకరణ కాదు. తన పనిని తన పుట్టుక నుంచి విడదీసుకుంటున్నాడు. తెలుగు అతనికి ఆ వీలు ఇవ్వలేదు, ఇంగ్లీషు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చాలని 2019లో ఉత్తర్వులు వచ్చినప్పుడు, వాటిని 2020లో హైకోర్టు కొట్టివేసినప్పుడు జరిగిన చర్చలో దళిత, వెనుకబడిన వర్గాలవారు చాలామంది అడిగింది ఇదే: మీ పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు మాతృభాష ప్రేమా? బోధన మాతృభాషలో సాగాలన్నది నా అభిప్రాయం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ అభిప్రాయం వినిపించే హక్కు నాకు లేదనీ అనుకుంటాను.

ఇంగ్లీషు మాట ఒకరికి నీడగా ఉండడం వేరు, ఇంకొకరిని బయట నిలబెట్టడం వేరు. ఆసుపత్రిలో ఒక ముసలమ్మ ‘రాత్రి నుంచి విరేచనాలు’ అంటుంది. ‘మోషన్సా?’ అని అడుగుతారు చీటీ రాసేవారు. ఆమెకు అర్థం కాదు. మళ్ళీ గట్టిగా అదే మాట. పక్కనున్న మనవడు తలదించుకుని ‘అవునండీ, మోషన్స్’ అంటాడు. ‘విరేచనాలు’ శుభ్రమైన మాట, వైద్యానికి సరిపోయిన మాట. దాన్ని పలికిన మనిషిని చిన్నబుచ్చడం వల్ల రేపు ఆమె తన బాధ సగమే చెబుతుంది. నాకు కోపం వచ్చేది ఇటువంటి చోట.

విదేశాల్లో పెరుగుతున్న చాలామంది తెలుగు పిల్లలకు పూర్తి తెలుగు వాక్యం రాకపోయినా అమ్మమ్మ, తాతయ్య అన్న పిలుపులు నిలిచి ఉంటాయి. అక్కడ ఆ పిలుపులే వాళ్ళను తెలుగువాళ్ళను చేస్తాయి. ఇక్కడ అందరూ తెలుగువాళ్ళే కనుక, మమ్మీ, డాడీ అనడం మరో గుర్తింపును కోరుకోవడం.

చివరగా సెలవు చీటీ. ‘ఎక్స్‌పైర్’ను నేను ఒప్పుకోను. మందు సీసా మీద గడువు తీరిందని చెప్పడానికి వాడే మాట అది. కన్నతండ్రికి అది వద్దు. మనకు ‘చచ్చారు’ అన్న కటువు మాట ఒక్కటే లేదు. ‘పోయారు’, ‘కాలం చేశారు’, ‘కన్నుమూశారు’ అన్నవి ఎంతో మెత్తనివి, ఏ కులానికీ ఏ మతానికీ కట్టుబడనివి. కార్యాలయానికి రాసేటప్పుడు ఇంకా సూటిగా ఉండవచ్చు: ‘మా నాన్నగారు నిన్న రాత్రి చనిపోయారు. కర్మకాండ పూర్తయ్యేవరకు సెలవు ఇప్పించగలరు.’ మాట్లాడేటప్పుడు ‘గారు’ లేకుండా ‘మా నాన్న పోయారు’ అన్నా లోపం లేదు. గౌరవం క్రియలో ఉంది.