స్కానర్‌లో గరగర, సగం మాటలు

ప్రశ్న: నెల క్రితం పాతరకం అనలాగ్ స్కానర్ (ఇతరుల రేడియో ఛానెళ్లను వెతికి వినిపించే రేడియో సెట్టు) కొన్నాను. అగ్నిమాపక దళం మాటలు వినిపిస్తున్నాయి. పోలీసుల ఛానెల్‌కు వెళ్తే మాత్రం గరగర తప్ప ఏమీ లేదు. యంత్రం పాడైందా? మంటలు ఆర్పే చోటి మాటలు కూడా సగమే అందుతున్నాయి, ఎందుకని? విన్నది మా వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే నలుగురికీ ఉపయోగం కదా?

జవాబు: అగ్నిమాపక దళం గొంతులు వినిపిస్తున్నాయంటే సెట్టుకు ఏ లోపమూ లేదు. ఆ గరగర చాలావరకు డిజిటల్ ప్రసారమే అయి ఉంటుంది. గొంతును అంకెలుగా మార్చి పంపుతారు కాబట్టి అనలాగ్ స్కానర్‌లో అది మోటారు మోతలా పలుకుతుంది. అమెరికాలో పి25, ఐరోపాలో టెట్రా పద్ధతులు ఎక్కువ. ఆ పద్ధతికి తగిన డిజిటల్ స్కానర్ ఉంటే మోత మాటగా మారుతుంది. అయితే పోలీసులు బయటివారికి అర్థం కాకుండా సంకేతీకరించి (ఎన్‌క్రిప్ట్ చేసి) పంపుతుంటే ఎంత ఖరీదైన స్కానరైనా దండగే. కొనే ముందు ఇది కనుక్కోండి.

అంతకన్నా ముందు మీరున్న దేశపు చట్టం చూసుకోండి. బ్రిటన్‌లో మనకు ఉద్దేశించని సందేశాలను అనుమతి లేకుండా కావాలని వినడమే నేరం. అమెరికాలో సంకేతీకరించని పోలీసు మాటలను ఇంట్లో వినవచ్చు గానీ, కారులో స్కానర్ పెట్టుకోవడంపై కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి.

సగమే అందడానికి కారణం దూరం. కంట్రోల్ రూం మాట ఎత్తైన చోట ఉన్న రిపీటర్ (అందుకున్న మాటను మళ్లీ ఎక్కువ శక్తితో పంపే యంత్రం) మీదుగా వస్తుంది. మంటల దగ్గర సిబ్బంది తరచూ చేతి సెట్లలో నేరుగా మాట్లాడుకుంటారు. ఐదు వాట్ల శక్తితో వెళ్లే ఆ మాట గోడలు దాటి మీదాకా రావడం కష్టం. యాంటెన్నాను కిటికీ దగ్గర నిలువుగా పెట్టి చూడండి. 155 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి సుమారు 48 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. స్క్వెల్చ్‌ను, అంటే మాటలు లేనప్పుడు హోరును ఆపే మీటను, హోరు ఆగిన చోటే వదిలేయండి. ఇంకా తిప్పితే హోరుతో పాటు సన్నని గొంతులూ పోతాయి.

ఇక వాట్సాప్ గ్రూపులో పెట్టే సంగతి. దయచేసి పెట్టకండి. పదిహేడేళ్లు అగ్నిమాపక కంట్రోల్ రూంలో మైకు ముందు కూర్చున్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. ఒక రాత్రి గిడ్డంగి అంటుకుంది. లోపలున్న బృందాలను ఒక్కొక్కటిగా పిలిచి లెక్క అడుగుతున్నాను. "రెండో బృందం, నలుగురం." "మూడో బృందం, ముగ్గురం." నాలుగో బృందం పలకలేదు. మూడుసార్లు పిలిచాను. చేతి తొడుగు తగిలి బృంద నాయకుడి సెట్టు మీది ఛానెల్ మీట ఒక గడి పక్కకు జరిగింది. నా పిలుపు అతనికి చేరనే లేదు. కాసేపటికి పక్క బృందం మనిషి వెళ్లి భుజం తడితే తెలిసింది. "నాలుగో బృందం, నలుగురం." మాట మాటకూ మధ్య మాస్కులో గాలి పీల్చే బుస.

ఈలోపే ఎవరో స్కానర్‌లో ఆ మౌనం విని, నలుగురూ పోయారని ఫోన్లు చేసేశారు. ఆ నాయకుడి భార్య మాకు ఫోన్ చేసింది. క్షేమంగా ఉన్నాడమ్మా అంటే నమ్మలేదు, ఫోన్ పెట్టలేదు. అతను మళ్లీ మాట్లాడినప్పుడు రిసీవర్ తీసుకెళ్లి స్పీకర్‌కు ఆనించి పట్టుకున్నాను.