పాత పైప్ ఆర్గన్‌ను బాగు చేయించే బదులు ఎలక్ట్రానిక్‌ది కొనుక్కోవచ్చుగా?

మీరు అడిగిందే బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లో నేనూ అడిగాను. మాది గుంటూరు వైపు. చర్చిలో హార్మోనియం వింటూ పెరిగాను. గాలి ఊది పైపుల్ని పలికించే ఈ ఆర్గన్ అంటే దానికి పెద్దన్న, అంతే అనుకునేవాణ్ణి.

అక్కడి పెద్ద చర్చి బెర్లినర్ డోమ్‌లో విల్హెల్మ్ సావర్ కట్టిన ఆర్గన్ ఉంది. 1905 నాటిది. 7,269 పైపులు, 113 స్టాపులు. స్టాప్ అంటే ఒకే రకం గొంతున్న పైపుల వరుస అనుకోండి. ఒక ఆదివారం ఆరాధనకు వెళ్తే, వాయించడం ఎప్పుడు మొదలైందో కూడా తెలియలేదు, అంత సన్నగా ఎత్తుకున్నారు. కాసేపటికి నేను కూర్చున్న చెక్క బల్ల అదురుతోంది! రొమాంటిక్ కాలపు, అంటే 19వ శతాబ్దపు శైలి ఆర్గన్ల గొప్పతనం అదే. కాలితో ఒక రోలర్ తిప్పుతుంటే స్టాపులు ఒక్కొక్కటిగా వచ్చి కలుస్తాయి, గుసగుస కాస్తా ఉరుమవుతుంది. 32 అడుగుల పైపు స్వరం సెకనుకు దాదాపు 16 కంపనాలే. అది చెవికంటే ముందు ఒంటికి తెలుస్తుంది. మామూలు స్పీకర్ల వల్ల అయ్యే పని కాదు.

ఇక బాగు చేయించే ఖర్చు దేనికంటారా, ఎక్కువగా తోలుకి. ఈ ఆర్గన్‌లో మీట నొక్కితే గాలి సన్నటి గొట్టంలోంచి వెళ్లి చిన్న తోలు సంచిని ఉబ్బిస్తుంది, దాంతో పైపు కింద మూత తెరుచుకుంటుంది. ఇలాంటి సంచులు లెక్కలేనన్ని. తోలు ఎండి పగిలితే స్వరం ఆలస్యంగా పలుకుతుంది, లేదా అసలు పలకదు. మా హార్మోనియం తిత్తి చిరిగితే మేస్త్రి ఓ పూట కూర్చుని అతుకు వేశాడు. ఇక్కడా అదే పని, కాకపోతే ఏళ్లు పడుతుంది.

1944లో బాంబు పడి ఆ చర్చి గోపురం కాలిపోయింది. ఆర్గన్ దశాబ్దాల పాటు మూగబోయి, 1993లో చర్చి మళ్లీ తెరిచినప్పుడు పలికింది. నన్నడిగితే ఆ మూగబోవడమే దాని అదృష్టం. అప్పట్లో జర్మనీలో రొమాంటిక్ స్వరమంటే చిన్నచూపు, అంతకుముందు కాలపు బరోక్ శైలి మీద మోజుతో చాలాచోట్ల పాత పైపుల్ని కోసి మార్చేశారు. కోసిన పైపుకి పాత గొంతు తెప్పించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మీ చర్చిలో ఆర్గన్ లేకపోతే సరే, ఎలక్ట్రానిక్‌ది కొనండి. ఉంటే మాత్రం ముందు తోలు, గాలి లీకులు చూపించండి. పైపుల జోలికి తొందరపడి వెళ్లొద్దు.

మా ఊళ్లో హార్మోనియం పక్కన పెట్టి కీబోర్డు కొన్నారు. కరెంటు పోయినప్పుడల్లా ఆ అతుకు తిత్తినే మళ్లీ బయటికి తీస్తున్నారు.